'సరళం' అనే తీర్పు: సాదాతనాన్ని చెప్పే తెలుగు మాటల అర్థభేదాలు

తెలుగు సాహిత్య విమర్శలో అతి విరివిగా వాడబడుతూ, అతి తక్కువగా పరీక్షకు నిలిచిన విశేషణం 'సరళం'. ప్రబంధకవి శైలి ఒకచోట సరళం. ఆధునిక కథకుని భాష మరొకచోట సరళం. జానపదుని పాట సరళం, పల్లెరైతు మాట సరళం. మాట ఒక్కటే అయినా అది చేసే పని నాలుగు చోట్లా ఒకటి కాదు. కవి విషయంలో అది మెప్పు; కథకుని విషయంలో చదువరికి కలిగే సౌకర్యం; జానపదుని విషయంలో ఆదరంతో కలిసిన చిన్నచూపు; రైతు విషయంలో పరీక్షించకుండానే పక్కన పెట్టడం. సరళం, సులభం, సామాన్యం, సాదా, నిరాడంబరం, తేట అనే మాటలను ఒకదానికొకటి పర్యాయాలుగా వాడే అలవాటు వల్ల పరిశోధన వర్ణనకు బదులు తీర్పు చెబుతున్నదనీ, ఆ తీర్పు ఎక్కువసార్లు పల్లె మనిషికీ, ప్రాంతీయ భాషకూ ప్రతికూలంగానే వస్తున్నదనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు సాక్ష్యంగా తీసుకొన్నది చోడవరం ప్రాంతం. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి చెరకు ప్రధానమైన పంట. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఒకవైపు, అనకాపల్లి బెల్లం మార్కెట్టు మరొకవైపు ఇక్కడి వ్యవసాయాన్ని తీర్చిదిద్దాయి. వ్యావహారిక భాషావాదానికి ఆద్యులలో ఒకరైన గురజాడ అప్పారావు 1862లో జన్మించిన ఎస్. రాయవరం కూడా ఇదే జిల్లాలోనిది. సాదాతనాన్ని చెప్పే మాటలు వంటలో, కాగితంలో, బడిలో, సాహిత్యంలో ఎలా వేరుపడుతున్నాయో ఒకేచోట పరిశీలించడానికి ఈ ప్రాంతం అనువైనది.

ఒక ఇంగ్లీషు మాట, పలు తెలుగు మాటలు

ఈ మాటలు పర్యాయాలు కావన్న సంగతి పాఠ్యపుస్తకాలను రూపొందించినవారికి స్పష్టంగా తెలుసు. ఇంగ్లీషులో 'సింపుల్' అన్న ఒక్క విశేషణం నడిచిన చోట్ల వారు తెలుగులో ఒకే మాటను నిలపలేదు. అసలు మీద మాత్రమే లెక్క కట్టే వడ్డీ 'బారువడ్డీ'; వడ్డీ మీద వడ్డీ తిరిగేది 'చక్రవడ్డీ'. బారు అంటే వంపు లేక సాగే పొడవు. చక్రం తిరిగి తన మీదికే వచ్చేది. వడ్డీ నడిచే తీరంతా ఆ రెండు మాటలలో ఉంది. ఒకే సమాపక క్రియ గల వాక్యం 'సామాన్య వాక్యం'. దారానికి వేలాడే గుండు 'లఘులోలకం'. దాని చలనం మాత్రం 'సరళ హరాత్మకం'. బారు, సామాన్య, లఘు, సరళ శబ్దాలను ఒకదాని స్థానంలో మరొకటి పెడితే శాస్త్రం తారుమారవుతుంది. గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ పాటించిన ఈ వివేకాన్ని సాహిత్య విమర్శ మాత్రం పాటించడం లేదు.

'సరళ' శబ్దానికి సంస్కృతంలో ప్రధానార్థం వంకర లేనిది అని. సరళరేఖలో నిలిచినది ఆ అర్థమే. తెలుగు వ్యాకరణంలో దాని దారి వేరు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క చ ట త ప లను పరుషాలనీ, గ జ డ ద బ లను సరళాలనీ వ్యవహరించింది. ద్రుతప్రకృతికాల మీది పరుషాలు సరళాలుగా మారుతాయన్న విధిలో ఉచ్చారణలోని మెత్తదనమే తప్ప తేలికదనపు ప్రసక్తి లేదు. ఆ సంధిని నేర్చుకొన్న ఏ విద్యార్థీ సరళాదేశం సులభమని చెప్పడు. అంటే వంకర లేకపోవడం, మెత్తగా ఉండడం అనే రెండర్థాలూ ఈ శబ్దానికి శాస్త్రంలో స్థిరంగా ఉన్నాయి. విమర్శకుడు దీనిని 'చదవగానే అర్థమయ్యేది' అన్న మూడవ అర్థంలో వాడుతున్నాడు. వాడవచ్చు. అయితే ఆ మూడవ అర్థానికి అలంకారశాస్త్రంలో ముందునుంచీ ఒక పేరుంది. అది ప్రసాదగుణం.

ప్రసాదాన్ని మమ్మటుడు ఎండుకట్టెలో నిప్పు పాకడంతోనూ, తేటనీటితోనూ పోల్చాడు. అర్థం చదువరి మనస్సులో ఒక్కసారిగా వ్యాపించాలి. అందుకు పదాలు చిన్నవి కావాలనీ, సమాసాలు ఉండరాదనీ, సంస్కృతం విడిచిపెట్టాలనీ ఆయన షరతు పెట్టలేదు. పదాల మూలాన్ని బట్టి సరళతను నిర్ణయించే పద్ధతి ఎంత పొరపాటో అచ్చ తెలుగు కావ్యాలే చెబుతాయి. 16వ శతాబ్దిలో పొన్నికంటి తెలగన్న యయాతిచరిత్రను తత్సమాలు లేకుండా రచించాడు. 'అచ్చ' అంటే కల్తీ లేనిది అని అర్థం. ఆ అర్థంలో ఆ కావ్యం పేరుకు తగినదే. కాని సంస్కృతం ఎరిగిన పాఠకునికి కూడా అది మనుచరిత్ర కంటె సులభంగా కొరుకుడు పడదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, దాని లోటు పూరించిన అడిదము సూరకవి ఆంధ్రనామశేషం వంటి పద్య నిఘంటువులు తెలుగు మాటలకే అవసరమయ్యాయి. అచ్చతనం వేరు, తేలికదనం వేరు అనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

తేట: తొలినాటి స్థితి కాదు, పని ఫలితం

సాదాతనాన్ని చెప్పే మాటలలో తెలుగుకు అత్యంత సొంతమైనది 'తేట'. తేరడం అనే క్రియ నుంచి వచ్చిన ఈ మాట, మడ్డి అడుగుకు దిగిన తరువాత పైన నిలిచే ద్రవాన్ని చెబుతుంది. బురదనీటి కుండలో చిల్లగింజ అరగదీసి కలిపితే కొంతసేపటికి నీరు తేరుతుంది. తేటకు ముందు కలక ఉంటుంది; కలకకూ తేటకూ నడుమ ఒక పని, కొంత కాలం ఉంటాయి.

చోడవరం పరిసరాలలో బెల్లం వండే చోట ఈ అర్థం కళ్లకు కడుతుంది. గానుగ నుంచి దిగిన చెరకురసం మరుగుతున్నప్పుడు మడ్డి పైకి తేలుతుంది. దానిని ఎప్పటికప్పుడు తీసివేయాలి. రసం విరగడానికి సున్నమో, బెండ జిగురో తగుపాటిగా వేయాలి. మంట హెచ్చితే మాడుతుంది. తగ్గితే పాకం కుదరదు. ముదురు, లేత పాకాల నడుమ దించవలసిన క్షణం వండేవాని చేతికీ కంటికీ తెలుసు. చివరికి నిలిచే బెల్లం దిమ్మ చూడడానికి సాదా వస్తువు. దానిని సాదాగా నిలిపిన పని మాత్రం సాదా కాదు.

కావ్యపరిపక్వతకు ఆలంకారికులు ఎంచుకొన్న పేరు కూడా పాకమే. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు ద్రాక్షాపాకాన్నీ, నారికేళపాకాన్నీ వేరు చేసి చెప్పాడు. ద్రాక్షాపాకంలో రసం వెంటనే అందుతుంది. వెంటనే అందడం అక్కడ పక్వతకు గుర్తు. శ్రమ లోపించిందనడానికి గుర్తు కాదు. నేటి వ్యాసాలలో 'సరళమైన శైలి' అన్న ప్రశంస చాలాసార్లు దీనికి తలకిందులైన అర్థంలో నడుస్తున్నది. కవి ఏమీ చేయలేదు కనుక అర్థమైందన్నట్టుగా, సరళత ఒక లేమిగా, ఒక ఖాళీగా లెక్కకు వస్తున్నది. పాకం మీద ఎదిగిన పరిభాష గల విమర్శకు ఇది తగదు.

బెల్లం వ్యాపారం మరొక హెచ్చరిక కూడా చేస్తుంది. కొనేవారు పసుపువన్నె దిమ్మను శుద్ధమైనదిగా ఎంచుతారు. ఆ వన్నె కోసం హైడ్రోస్ వంటి రసాయనాలు కలిపే అలవాటు పెరిగింది. ఏమీ కలపని బెల్లం సాధారణంగా ముదురు రంగులో ఉండి ధర కోల్పోతుంది. నల్లబెల్లానికి నాటుసారాతో ముడిపడిన అపఖ్యాతి, ఆబ్కారీ నిఘా తోడయ్యాయి. తేటగా కనబడేది కలిపినది. కలపనిది మోటుగా కనబడేది. పైరంగు చూసి శుద్ధిని నిర్ణయించే పొరపాటు బజారుకే పరిమితం కాలేదు. పత్రికాభాషకు దగ్గరగా దిద్దిన గద్యాన్ని సహజమనీ, దిద్దుబాటు పడని ప్రాంతీయ గద్యాన్ని కష్టమనీ పేర్కొనే సమీక్షలలో కూడా అదే ఉంది.

సాదా, మామూలు: కాగితం మీద

'సాదా' ఫారసీ నుంచి వచ్చిన మాట. గీతలు లేని కాగితం సాదా కాగితం. అంచు లేని చీర సాదా చీర. ఇక్కడ అర్థం అదనపు చేర్పు లేకపోవడం. ఈ మాట అసలు బరువు రెవెన్యూ కార్యాలయంలో తెలుస్తుంది. రిజిస్ట్రేషను లేకుండా తెల్లకాగితం మీద రాసుకొన్న భూమి క్రయపత్రం 'సాదాబైనామా'. నమ్మకం, పెద్దమనుషుల సాక్ష్యం ఆధారంగా పల్లెల్లో భూములు అలాగే చేతులు మారాయి. రాసుకొన్నవారికి అది సాదా వ్యవహారం. హక్కు నిరూపించవలసి వచ్చినప్పుడు అంత చిక్కైన కాగితం మరొకటి ఉండదు. ఆ చిక్కు విడదీయడానికి 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టంలో 5-ఎ సెక్షను కావలసివచ్చింది. తహసీల్దారు విచారించి క్రమబద్ధం చేసేదాకా ఆ పత్రానికి సాదా అన్న విశేషణమే అడ్డంకి. రైతు దృష్టిలో 'ఏ హంగూ లేనిది' అయిన సాదా, కార్యాలయం దృష్టిలో 'గుర్తింపు లేనిది' అయింది.

'మామూలు' నడక ఇంకా విచిత్రమైనది. అరబీ మూలంలో అది ఆచారంగా జరుగుతూ వచ్చినది. తెలుగులో ఏకవచనంలో అది సాధారణం. 'మామూళ్లు' అని బహువచనమైతే లంచం. ఎప్పుడూ జరిగేది కనుక ఎవరూ ప్రశ్నించనిది అన్న భావం రెండింటికీ పునాది. సామాన్య, సాధారణ శబ్దాలు పదిమందికీ సమంగా చెందడాన్ని చెబితే, మామూలు పదిమందీ అలవాటుపడడాన్ని చెబుతుంది. ఒక భాష 'సామాన్యుల భాష' అనడానికీ, 'మామూలు భాష' అనడానికీ ఇంత దూరం ఉంది. మొదటిది హక్కును తెలుపుతుంది. రెండవది విశేషం లేదని తేల్చివేస్తుంది.

నిరాడంబరం, అమాయకం: మనిషి మీద

ఆడంబరం సంస్కృతంలో భేరికీ, దాని మోతకూ పేరు. అక్కడి నుంచి అట్టహాసం అయింది. నిరాడంబరుడంటే భేరి మోగించుకోనివాడు. మోగించే శక్తి ఉండీ మానుకోవడం అందులో అంతర్గతం. అందువల్లనే నేత ధోవతి కట్టిన నాయకుడు నిరాడంబరుడవుతాడు. అదే ధోవతి కట్టి చెరకు నరికే కూలీని ఆ మాటతో ఎవరూ గౌరవించరు. అతడు బీదవాడు మాత్రమే. ఈ గుణవాచకం వ్యక్తి గుణాన్ని చెబుతున్నట్టు కనబడుతూ అతని స్థితిని చెబుతున్నది. ఎంచుకొనే వీలున్నవాని సాదాతనానికి ఒక పేరు, వీలు లేనివాని సాదాతనానికి మరొక పేరు.

'అమాయకం' చరిత్ర ఇంకా కఠినమైనది. మాయ లేకపోవడం, అంటే వంచన ఎరుగకపోవడం దాని వ్యుత్పత్తి. వాడుకలో అది లోకజ్ఞానం లేకపోవడంగా, సులువుగా మోసపోవడంగా దిగజారింది. మోసం చేయకపోవడం అనే నైతిక నిర్ణయాన్ని మోసం తెలియకపోవడం అనే అజ్ఞానంగా మార్చిన అర్థపరిణామం ఇది. జానపద సాహిత్య పరిశోధనలో 'అమాయక జానపదులు' అన్న పదబంధం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. ఏ జానపదుని మాట వింటే అతడు అమాయకుడని తేలిందో చెప్పే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోరు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. నాగలి ఒక్కొక్క భాగానికి, దుక్కి ఒక్కొక్క దశకు ప్రాంతానికొక మాట చొప్పున రైతులు పలికిన పదాలతో ఒక సంపుటం నిండింది. అంతటి సూక్ష్మమైన పదసంపద గలవారి భాషను సరళమనీ, వారిని అమాయకులనీ వర్ణించడం, ఎదుట ఉన్న ఆధారాన్ని చూడకపోవడమే.

వ్యావహారిక విజయం, మిగిలిన అంతరం

వ్యావహారిక భాషోద్యమాన్ని 'కష్టమైన గ్రాంథికం మీద సులభమైన వాడుక భాష సాధించిన విజయం'గా బోధించడం పరిపాటి. ఈ సూత్రీకరణ ఆ వాదాన్ని కుదించివేస్తుంది. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగును గురించి విజ్ఞాపనపత్రం ప్రకటించినప్పుడూ, 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించినప్పుడూ ప్రధానమైన ప్రశ్న సులువు గురించినది కాదు. రాతకు ప్రమాణం ఎవరి భాష అన్నదే ప్రశ్న. జయంతి రామయ్య పంతులు పక్షం ప్రయోగించిన 'గ్రామ్యం' అన్న మాట కూడా కష్టసుఖాలను కొలవదు, తాహతును కొలుస్తుంది. ఊరికి సంబంధించినది అన్న అర్థం గల శబ్దం అలంకారశాస్త్రంలో దోషానికి పేరు కావడమే దాని స్వభావాన్ని చెబుతుంది.

గిడుగు ప్రతిపాదించినది 'శిష్ట వ్యావహారికం'. నాటి పోరాటంలో ఆ విశేషణం అవసరమైన కవచం. గ్రామ్యమన్న నిందను అది అడ్డుకొన్నది. కవచానికి ఒక మూల్యం ఉంది. శిష్టుల వాడుక ప్రమాణమైనప్పుడు చోడవరం రైతు వాడుక ప్రమాణానికి వెలుపలే మిగిలింది. తరువాత దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలను ఏలిన 'సరళ గ్రాంథికం' కూడా సరళతను పదాల ఎంపికకు పరిమితం చేసి, రూపాలను గ్రాంథికంగానే ఉంచింది. ఆ సరళత్వం ఎవరిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయమైందన్న ప్రశ్నకు చోటు దొరకలేదు.

ఆ ప్రశ్నను క్రియారూపాలతో వేయవచ్చు. ఉత్తరాంధ్ర వాడుకలో 'వచ్చినాడు' అంటారు, ప్రమాణభాషలో 'వచ్చాడు'. మొదటిదానిలో 'వచ్చిన' అన్న భూతకాలిక విశేషణమూ, దానిమీది పురుషప్రత్యయమూ విడివిడిగా కనబడతాయి. పాత రచనలలోని 'వచ్చినాఁడు'కు అది దగ్గరిది. రెండవది ఆ నిర్మాణాన్ని కుదించిన రూపం. పొడుగు తగ్గడమే సరళతైతే 'వచ్చాడు' సరళం. నిర్మాణం తేటగా కనబడడం సరళతైతే 'వచ్చినాడు' సరళం. అలాగే 'తినీసినాడు' అన్న రూపంలో 'వేయు' సహాయక్రియ ఒదిగి, పని పూర్తయిందన్న విశేషార్థాన్ని ఇస్తున్నది. 'తినేశాడు'లో జరిగినదీ అదే. రెండూ ఒకే ప్రక్రియకు రెండు ఫలితాలు. ఒకదానిని ప్రమాణమనీ, మరొకదానిని మోటు అనీ చెప్పే ఆధారం వ్యాకరణంలో లేదు. బడిలో ఆ రూపం ఎర్రసిరా దిద్దుబాటుకు గురైనప్పుడు దిద్దబడుతున్నది తప్పు కాదు, ఊరు. తాను ఇంట నేర్చినదంతా పొరపాటని తొలి తరగతులలోనే గ్రహించిన పిల్లవాడు తరువాత నోరు విప్పడానికి జంకుతాడు. ఈ చర్చ వెనుక ఉన్న అసలు నష్టం అది.

కన్యాశుల్కం కూడా ఈ సందర్భంలో గమనించదగినది. 1897లో ప్రచురితమై, 1909లో పునర్లిఖితమైన ఆ నాటకం వాడుక భాషకు పట్టాభిషేకం చేసింది. అయితే దానిలోని పలుకుబళ్లు, వెటకారాలు, వృత్తిపదాలు నేటి విద్యార్థికి వివరణ లేకుండా అందడం లేదు. అది వాడుక భాషే; సులభ భాష కాదు. అందులోని భాషను 'సరళ వ్యావహారికం' అని ఒక్కమాటలో తేల్చడం, గురజాడ పాత్రపాత్రకూ కుదిర్చిన భేదాలను తుడిచివేయడం.

ఒక ఆక్షేపణ

మాటల అర్థాలు కాలంతో కలిసిపోవడం సహజమనీ, పర్యాయాల నడుమ గీతలు గీయడం పాండిత్య ప్రదర్శన అవుతుందనీ ఆక్షేపించవచ్చు. 'సరళం' ప్రజాస్వామిక విలువను సూచించే ప్రశంస అయినందువల్ల దానిని శంకించడం మళ్లీ క్లిష్టశైలికి తలుపు తెరవడమేనని కూడా అనవచ్చు. మొదటిదానిలో కొంత నిజముంది. వాడుకను ఎవరూ శాసించలేరు, శాసించనక్కరలేదు. కాని ఇక్కడ చర్చ బజారు వాడుక గురించి కాదు, పరిశోధన పరిభాష గురించి. పైగా కలయిక సమానంగా జరగలేదు. నిరాడంబరం పైకి పోయింది. అమాయకం, మోటు, నాటు కిందికి దిగాయి. ఏ మాట ఎటు జరిగిందో చూస్తే సమాజపు మెట్లు కనబడతాయి. రెండవ ఆక్షేపణకు పాల్కురికి సోమనాథుడే సమాధానం. అందరికీ తెలిసిన జానుతెనుగును కోరినవాడు అల్పాక్షరాలతో అనల్పార్థాన్ని సాధించడాన్నే కవివివేకంగా భావించాడు. అందుబాటును కోరడం, దాని వెనుక శ్రమను గుర్తించడం ఆయనలో ఒకటిగా ఉన్నాయి. నేటి విమర్శ మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని వదిలివేసింది.

ముగింపు

కనుక 'సరళం' అని రాసే పరిశోధకుడు తాను చెప్పదలచినది ఏదో తేల్చుకోవలసి ఉంది. వాక్యంలో వంకర లేకపోవడమైతే ఋజుత్వం; అర్థం వెంటనే తట్టడమైతే ప్రసాదం; అలంకారాలు లేకపోవడమైతే సాదాతనం; పరిచిత పదాల వాడకమైతే సామాన్యత; మడ్డి తీసి నిలిపినదైతే తేట. వీటిలో ప్రతిదానినీ పాఠంలో ఉదాహరించి చూపవచ్చు. చూపలేనప్పుడు ఆ విశేషణం రచనను గురించి ఏమీ చెప్పడం లేదు. రచయిత ఊరును గురించీ, తాహతును గురించీ పరిశోధకునికి ముందే ఉన్న అభిప్రాయాన్ని చెబుతున్నది. సిద్ధాంతగ్రంథాలను పరీక్షించేవారు ఆ మాట కనబడిన చోట 'దేనికంటె సరళం, ఎవరికి సరళం' అని అడగడం మొదలుపెడితే, చాలా అధ్యాయాలలో ఒక్కొక్క విశేషణం తగ్గి ఒక్కొక్క ఉదాహరణ పెరుగుతుంది. చోడవరం పిల్లవాడు రాసిన 'వచ్చినాడు' మీద ఎర్రసిరా పడే ముందు ఉపాధ్యాయుడు ఒక క్షణం ఆగడానికి కూడా, అతనికి పాఠం చెప్పిన తెలుగు శాఖలు ఆ ప్రశ్నను ముందుగా వేసి ఉండాలి.